ఒంటరి ప్రేక్షకుడి వేట

ఆ రోజుల్లో టీవీ చచ్చిపోయిందని నేనూ, మా గైడు గారూ గట్టిగా నమ్మేవాళ్ళం. (టీవీకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.) ఓటీటీలు వచ్చాక జనం ఎలా చూస్తున్నారన్నది నా పీహెచ్‌డీ అంశం. "ఇప్పుడు ప్రేక్షకుడు ఒంటరివాడయ్యా. ఎవడి ఫోను వాడిది. వెళ్ళి ఆ ఒంటరివాణ్ణి పట్టుకురా. అంతవరకూ మూడో అధ్యాయం నా బల్లమీద పెట్టకు" అన్నారాయన. పులిని పట్టుకురమ్మన్నట్టు సంచీ సర్దుకుని అమలాపురం దగ్గర మా మేనత్త ఇంటికి వెళ్ళాను. పనసాకుల్లో ఉడికించిన పొట్టెక్కలు తింటూ, అవతలివాళ్ళు టీవీ చూడడాన్ని చూస్తూ కూర్చోవడాన్ని మా శాస్త్రంలో క్షేత్ర పరిశీలన అంటారు. నేను చాలా లోతుగా పరిశీలించాను.

మర్నాడు పొద్దున్నే పులి కనబడింది. అత్తయ్య పొయ్యి దగ్గర, చింతపండు జాడీకి ఫోను ఆనించి, ఆ సాయంత్రం టీవీలో రావలసిన సీరియల్ని యాప్‌లో ముందే చూసేస్తోంది. ఒంటరిగా! మూడో అధ్యాయం గట్టెక్కినట్టే అనుకున్నాను. సాయంత్రం పక్కింటి టీచరు గారు వచ్చి కూర్చున్నారు. టీవీలో అదే భాగం. అందులో హీరోయిన్ గారి చనిపోయిన మొగుడు గుమ్మంలో ప్రత్యక్షం కాగానే అత్తయ్య గుండె మీద చెయ్యేసుకుని, "అయ్యబాబోయ్! ఈయన బతికే ఉన్నాడేంటండీ!" అంది. "ఆయ్! నాకూ కాళ్ళూ చేతులూ ఆడ్డం లేదండీ" అన్నారు టీచరు గారు.

ఆవిడ వెళ్ళాక అత్తయ్యని వంటింట్లో నిలదీశాను. "పొద్దున్న చూసేసేవు కదత్తా?"

"ష్! టీచరు గారితో అనకు. ఆవిడ పాపం పొద్దుటనించీ ఎదురుచూసి వస్తారు. ముందే చూసేసేనంటే ఏం మర్యాదరా?"

మర్నాడు పొద్దున్న టీచరు గారిని ఇంటర్వ్యూ చేద్దామని వెళితే, ఆవిడ అరుగు మీద కూర్చుని ఫోన్లో అదే సీరియల్ చూస్తున్నారు. ఆ సాయంత్రం రావలసిన భాగం! "మీ అత్తయ్య గారితో అనకు బాబూ. చిన్నబుచ్చుకుంటారు. పక్కన ఆశ్చర్యపోయేవాళ్ళు లేకపోతే ఆవిడకి తోచదు."

ఆ సాయంత్రం ఇద్దరి మధ్యా కూర్చున్నాను. ఎవరి నాటకానికైనా ఒక్క మాటతో గాలి తీసెయ్యడం నాకు చిన్నప్పటి జబ్బు. ఆ మాట నాలుక చివర గెంతులేస్తోంది. అంతలో మొగుడికి గతం గుర్తులేదని తేలింది. ఇద్దరూ నోళ్ళు తెరిచి నావైపు తిరిగారు. ఆ రెండు మొహాల్లో ఎంత సంబరమో! "అయ్యబాబోయ్!" అని ఇద్దరికంటే గట్టిగా అరిచింది నేనే.

"ఒంటరి ప్రేక్షకుడు దొరికాడా?" అన్నారు గైడు గారు. "ఇద్దరు దొరికేరండీ. సాయంత్రానికి కలిసిపోతున్నారండీ." ఆయన నవ్వలేదు. అధ్యాయం మొత్తం మళ్ళీ రాయించారు. పట్టా మాత్రం వచ్చింది.

ఇప్పుడు హైదరాబాదులో నా గదిలో కాఫీ తాగుతూ ఆ సీరియల్ని పొద్దున్నే చూసేస్తాను. (మొగుడికి గతం ఇంకా గుర్తు రాలేదు.) సాయంత్రం అత్తయ్య ఫోను చేస్తుంది. "చూసేవేంట్రా?" "లేదత్తా, ఏమైంది?" ఆవిడ మొదలుపెడుతుంది. నేను చూసేశానని ఆవిడకి తెలుసు. తెలిసినా, నేను అయ్యబాబోయ్ అనేదాకా ఆగుతుంది.