అర చెంచా కోసం ఆగిన జీపు

మా మరిది పోయిన గురువారం పొద్దున హనుమకొండ దవాఖానలో కన్నుమూశాడు. సాయంత్రానికల్లా, ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన దగ్గర కంప్యూటర్ చదువుకున్న మీరంతా కలిసి వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టించారు. సంతోషం. దాని మీద 'భయమెరుగని గురువు' అని రాయించారు. అది తప్పు. తెలుగు టీచరుగా ఎర్ర సిరాతో బతికినదాన్ని, దిద్దకుండా ఉండలేను. ఆయనంత భయస్థుణ్ణి నేను చూడలేదు. మీ స్మృతి సంచికకు ఆ భయం గురించే రాస్తున్నాను. పొగడ్తలు మీరెలాగూ రాస్తారు.

గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాడు. బిళ్ల మింగే ముందు అట్ట మీది పేరు వేలు పెట్టి చదివేవాడు. కూతురి పెళ్లికార్డు ప్రూఫు ఎంతసేపు చూశాడంటే, "చూడు చూడు, నువ్వు చూసేలోపల బిడ్డకు బిడ్డలు పుడ్తరు" అన్నాను. "పుట్టనియ్ వదినె, పేరు తప్పువడొద్దు" అన్నాడు.

ఆ వేలి విలువ నాకు ఎనభైల చివర, ఒక మేడారం జాతర ముందు తెలిసింది. మా పెద్దపిల్ల అక్కడి వైద్యశిబిరానికి నర్సుగా వెళుతోంది. పసిపిల్లలకు విరేచనాలైతే ఉప్పూ చక్కెరా నీళ్లు ఎలా కలిపి పట్టాలో తల్లులకు కాగితాలు పంచాలి. ప్రెస్సులన్నీ జాతర పనుల్లో మునిగి ఉన్నాయి. నేను రాసిచ్చిన నాలుగు ముక్కలు పట్టుకుని మా మరిది కాలేజీ కంప్యూటర్ గదికి దారితీశాడు. నేనూ మా పిల్లా వెంట వెళ్లాం. చెప్పులు బయట విడిచి వెళ్లాల్సిన చల్లటి గది అది. గుళ్లో కూడా అంత మడి చూడలేదు.

మొదటి కాగితం నిండా డబ్బాలు, గీతలు, ఏ దేశానివో తెలియని అక్షరాలు.

"ఇది ఏ భాష నాయనా? నేనైతే రాయలేదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవట, అంకెలే తెలుసట. టైపు చేసిన ప్రతి అక్షరమూ ఒక అంకెగా ప్రింటర్‌కు పోతుంది. ప్రింటర్ తన పట్టికలో ఆ అంకెకు ఏ బొమ్మ ఉంటే అది కొడుతుంది. ఆ పట్టికలో ఇంగ్లీషు పోగా మిగిలిన చోట్ల కాపురమున్న గీతల్నీ పరదేశీ అక్షరాల్నీ ఖాళీ చేయించి, తెలుగు అక్షరాల్ని చుక్క చుక్కగా గీసి ఆయన అక్కడ పెట్టాడు. ఆ రోజు ప్రింటర్ వాటిని మరిచి పాత పట్టికే పట్టుకుంది. మళ్లీ ఎక్కించాడు. ఈసారి చక్కటి తెలుగు వచ్చింది.

బయట జీపు హారన్ కొడుతోంది. "చిన్నాయ్నా, జర జల్ది ఇయ్యే! డ్రైవర్ లొల్లి పెడ్తాండు" అంది మా పిల్ల.

"జర ఆగు బిడ్డా."

"మంచిగనే వచ్చింది గదనే!"

"డబ్బాలు పడితె ఫికర్ లేదు, కండ్లకు కనవడ్తది. ఏం పడకపోతెనే నాకు భయం."

కాగితం కిటికీ దగ్గరికి తీసుకుపోయి, స్టూలు మీద కూర్చుని, మొదటి మాట నుంచి వేలు జరుపుతూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. 'చెంచా ఉప్పు' అన్న మాటకు ముందు చిన్న ఖాళీ. అక్కడ ½ గుర్తు ఉండాలి. తెర మీద ఉంది, కాగితం మీద లేదు. ఖాళీ చేయించిన పాత కాపురాల్లో అదీ ఒకటి, దాని చోట తెలుగు అక్షరమేదీ ఇంకా చేరలేదు.

చదివిన తల్లి చెంచాడు ఉప్పు వేస్తుంది. నీళ్లు కారిపోయి వాడిన పసిగొంతులో ఆ ఉప్పునీళ్లు పోస్తుంది. రెట్టింపు ఉప్పు పసివాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. మా పిల్ల మొహం తెల్లబడింది. హారన్ మోగుతూనే ఉంది.

గుర్తు తీసేసి 'అర' అని అక్షరాల్లో టైపు చేశాడు. మళ్లీ కొట్టించి మళ్లీ మొదటి మాట నుంచి వేలు పెట్టాడు. పాత కాగితాన్ని ముక్కలుగా చింపి జేబులో వేసుకున్నాడు. అప్పుడు కాపీలు తీయించాడు.

జీపు వెళ్లాక కూడా ఆయనకు నిద్ర లేదు. పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "వదినె, తప్పుది ఒకటి కట్టల కలిసి పోలేదు గద?"

"నీ జేబుల ముక్కలు పెట్టుకొని నన్నడుగుతవేందయ్యా?"

జాతర ముగిసి మా పిల్ల తిరిగొచ్చింది. బెల్లం జిగురంటిన కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టింది. బాగున్నావా అని కూడా అడగలేదు మనిషి. వేలు తిన్నగా 'అర' మీదికి పోయింది. అప్పుడు చాయ్ అడిగాడు.

ఇప్పుడు లోకమంతటికీ ఒకే పట్టిక వచ్చిందని మీరే చెబుతున్నారు. మంచిదే. అయినా ఈ సంచిక అచ్చుకు పోయేముందు ఒక పని చేయండి. ఒక్క కాపీ కొట్టించి మా ఇంటికి తీసుకురండి. పగలే రండి, వెలుతురుండాలి. ఆయన స్టూలు కిటికీ దగ్గర వేసి ఉంచుతాను. మీలో ఒకరు కూర్చుని మొదటి మాట నుంచి వేలు పెట్టి చూడండి. తప్పులు నేను చూసుకుంటాను. మీరు ఖాళీలు చూడండి.