కండువా కింద సంచి

మావయ్య గారు పోయారని మా ఆయన ఫోన్ చేసేసరికి నేను అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు ఒలుస్తున్నాను. కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తూ కూలబడిపోయారట. గుండె ఆగిందన్నారు. సరేనని ఫోన్ పక్కన పెట్టి మిగిలిన గుడ్లు కూడా ఒలిచాను. పిల్లలకి పెట్టి, చేతులు కడుక్కుని, తాళం వేసి ఇంటికొచ్చాను. ఇవాళ్టి వరకూ నాకు ఏడుపు రాలేదు. దీని గుండె రాయి అనుకుంటున్నారు మా వాళ్ళు. అనుకోనీ.

ఆయన దర్శి దగ్గర మా పల్లెలో కౌలుకి మిరప, పత్తి వేసుకుని బతికిన మనిషి. గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. అలాంటిది కొన్నేళ్ళ కిందట ముందు వరస వదిలేసి తలుపు పక్కకి చేరారు. పాస్టరుగారితో మాట పట్టింపు వచ్చిందని ఊరంతా అనుకుంది. అసలు సంగతి, ప్రసంగం అయ్యేలోపు రెండుమూడుసార్లు ఆయన బయటికి వెళ్ళిరావాలి. అడిగితే ఒళ్ళు వేడిచేసిందనేవారు. మజ్జిగ, సబ్జా నీళ్ళు, బార్లీ, అన్నీ తాగారు. "మిరపకాయతో బతికేవాడికి మంట లేకుండా ఎట్టా ఉంటదమ్మా" అనేవారు. మీ ఇళ్ళల్లోనూ ఇలా అనే పెద్దవాళ్ళు ఉండే ఉంటారు. చివరికి ఒకరోజు మూత్రం చుక్క కూడా రాక, పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే ఆటోలో దర్శి తీసుకెళ్ళాం.

అదొక చిన్న ఆసుపత్రి. డాక్టరుగారు ముందు పైపు వేసి, ప్రోస్టేట్ గ్రంథి బాగా పెరిగిపోయిందనీ తీసేయాలనీ చెప్పారు. "పొట్ట కోయకుండా మిషన్‌తో తీసేది మా దగ్గర లేదు. గుంటూరు వెళ్తానంటే రాసిస్తాను. ఇక్కడైతే కోసే తీయాలి. రక్తం పోవచ్చు, ఎక్కించాల్సి వస్తే ఒంగోలు నుంచి రావాలి" అని ఏదీ దాచకుండా చెప్పారు.

మావయ్య గారు ఆలోచించనే లేదు. "గుంటూరులో నాతో ఎవరుంటారండీ? కాయ కళ్ళంలో ఉంది. ఇక్కడే కోసెయ్యండి" అన్నారు.

అత్తయ్య అప్పటికే లేదు. ఆకాశం మబ్బు పట్టి ఉంది, మా ఆయన కాయ మీద పట్టాలు కప్పుకుంటూ కళ్ళంలోనే ఉండాలి. ఆసుపత్రిలో ఉండాల్సింది నేనే. మా ఇళ్ళల్లో కోడలు మావయ్య ఎదుట మంచం మీద కూడా కూర్చోదు. అలాంటిది ఆపరేషన్ అయ్యాక ఆయన మంచానికి మూత్రం సంచి వేలాడుతోంది, అందులో ఎర్రనీళ్ళు. తెలివి రాగానే ఆయన చేసిన మొదటి పని, తల కింది కండువా లాగి ఆ సంచి మీద కప్పటం.

సిస్టరమ్మ వచ్చి కండువా తీసేది, రంగు చూసేది. "చిక్కగా ఎర్రబడినా, సంచి నిండటం ఆగినా వెంటనే నన్ను పిలవాలమ్మా" అని నాకు చెప్పి వెళ్ళేది. వార్డంతటికీ ఆవిడ ఒక్కతే. ఆవిడ గుమ్మం దాటగానే కండువా మళ్ళీ సంచి మీదికి వచ్చేది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. మర్యాదంటే మాకు అదే.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మాటలు తగ్గిపోయాయి. నుదుటి నిండా చెమట. నొప్పిగా ఉందా మావయ్యా అంటే, "ఏం లేదు, నువ్వు పోయి అన్నం తినిరా" అన్నారు. నాకు కదలబుద్ధి కాలేదు. లేచి కండువా పట్టుకున్నాను. "ఒద్దమ్మా, ఒద్దు" అని చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చెయ్యి పక్కకి నెట్టి తీసేశాను. సంచి అడుగున నల్లటి గడ్డలు. పైపులో ఏమీ కదలటం లేదు. సిస్టరమ్మా అని నేను పెట్టిన కేకకి వరండాలో వాళ్ళు కూడా లేచి వచ్చారు.

పెద్ద సిరంజితో నీళ్ళు ఎక్కించి గడ్డలు లాగుతుంటే, చర్చిలో పాట ఎత్తుకునే ఆ గొంతుతోనే మావయ్య గారు అరిచారు. నేను ఆయన భుజాలు అదిమి పట్టుకున్నాను. ఒంగోలు నుంచి రక్తం వచ్చేదాకా డాక్టరుగారు మంచం పక్కనుంచి కదల్లేదు. చీకటి పడేవేళకి సంచిలో నీళ్ళు లేత రంగుకి తిరిగాయి. బతుకుతారన్నారు.

ఆ రాత్రంతా ఆయన నా ముఖం చూడలేదు. పొద్దున్నే మాత్రం, "ఇంక నీ దగ్గర దాచేదానికి ఏముంది తల్లీ, కాసిని మంచినీళ్ళియ్యి" అన్నారు.

కోసినచోట పుండు మానటానికి చాలాకాలం పట్టింది. దగ్గితే పంచె తడవటం ఆఖరి వరకూ పోలేదు. కానీ రాత్రిళ్ళు నిద్రపోయారు. చర్చిలో మళ్ళీ ముందు వరసకి వెళ్ళారు. ఇక టీ బంకు దగ్గర ఆయన తీరు చెప్పక్కర్లేదు. ఎవరైనా మాటిమాటికీ గోడ చాటుకి వెళ్ళొస్తుంటే, "ఒరేయ్, రాత్రికి ఎన్నిసార్లు లేస్తున్నావురా? ఏంటి సిగ్గు? నా సంచి నా కోడలే చూసింది!" అని వీధంతా వినిపించేలా అరిచేవారు. నాకు తల తీసేసినట్టుండేది. ఆ అరుపులకి భయపడో, సిగ్గుపడో, కొందరు వెళ్ళి చూపించుకున్నారు.

పోయిన రోజు ఆయన్ని కళ్ళం నుంచి తెచ్చి వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. ఎవరో ఆయన కండువా తెచ్చి కాళ్ళ మీద కప్పారు. దాని కొస ఒకటి మంచం పక్కకి జారి వేలాడుతోంది. నేను వంగి, ఆ కొస ఎత్తి చూశాను.

"ఏం చూస్తున్నావు వదినా?" అంది మా ఆడపడుచు.

ఏమీ లేదన్నాను. నిజంగానే అక్కడ ఏమీ లేదు. కండువా మళ్ళీ మంచం మీదికి సర్దాను.