ఓవర్సీరు గారి పచ్చికలో తుంగ

మరిడమ్మ చెయ్యి పడిన చేలో కలుపు మళ్ళీ తలెత్తదని ధవళేశ్వరం చుట్టుపక్కల రైతులు చెప్పుకునేవారు. చెప్పుకుని ఊరుకునేవారు కాదు, ఊడ్పులు అయ్యాయంటే ఆవిడ గుమ్మం ముందు కాపు కాసేవారు. కలుపు తీసే ఆడవాళ్ళ వరసలో మొదటి మునుం ఎప్పుడూ ఆవిడదే. కలుపు పీకడం, పీకినదాన్ని ఉండచుట్టి కాలికింద బురదలోకి తొక్కడం, ముందుకు జరగడం, ఈ మూడూ ఆవిడకి ఒకే పనిగా కలిసిపోయాయి. తొక్కిన కలుపు నీళ్ళకింద కుళ్ళి వరికే ఎరువవుతుంది. మెట్టపొలాల వాళ్ళు బొరిగె పట్టుకుని కలుపు తవ్వుతుంటే ఆవిడకి నవ్వొచ్చేది. ఇనుము సాయం కావలసిన చెయ్యి కూడా ఒక చెయ్యేనా అనేది.

ఆ పేరు చేతులది. ఖరీదు మాత్రం కాళ్ళు చెల్లించాయి. ఏళ్ళ తరబడి బురదలో నాని వేళ్ళ సందులు చితికిపోయాయి, మడమలు బీటలు వారాయి. రాత్రి ఆముదంలో పసుపు కలిపి రాసుకుంటే మంట కాస్త తగ్గేది. తెల్లారితే మళ్ళీ బురదే. వైద్యుడు చూసి, కాళ్ళు తడవనివ్వకు అని చెప్పాడు. వరి తప్ప మరో పని లేని చోట కూలి మనిషిని కాళ్ళు తడుపుకోవద్దనడం అన్నం మానెయ్యమనడమే. ఆ పెద్దమనిషికి అంత ఆలోచన తట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఓవర్సీరు గారి ఇంటి నుంచి కబురొచ్చింది. ఓవర్సీరు శ్రీరామమూర్తి గారిది కోనసీమలో ఒక అగ్రహారం. కాలువల పనుల మీద ఇక్కడ కాపురం పెట్టారు. ఇంజనీరు దొర బంగళా ముందు పచ్చిక చూసినప్పటి నుంచి ఆయనకి కుదురు లేదు. లంకల్లోంచి గరిక తెప్పించి ఇంటి ముందంతా పరిపించారు. గరికతో పాటు తుంగ కూడా పిలవని చుట్టంలా దిగబడింది. ఇప్పుడు ఎక్కడ చూసినా గరికని తోసుకుంటూ తుంగే.

"ఈ తుంగ పోయేదాకా రోజూ రా, మరిడమ్మా. పోయాక నీ పని అయిపోయినట్టే" అన్నారాయన.

ఆ రెండో మాట మరిడమ్మ చెవికెక్కలేదు. ఆవిడ చూపంతా ఆ నేల మీదే ఉంది. పొడి నేల. కూర్చుని చేసుకునే పని. ఇక్కడే ఉండిపోవాలి, ఎలాగైనా ఉండిపోవాలి అనుకుంది.

మొదటి రోజు తుంగ పట్టుకుని లాగితే ఆకు తెగి చేతికొచ్చింది, గడ్డ లోపలే ఉండిపోయింది. నేల గట్టిది మరి. మరిడమ్మకి తెలిసిన ఉపాయం ఒక్కటే. కాలువ నీళ్ళు పెట్టించి పచ్చికంతా నానబెట్టింది. మెత్తబడ్డాక వంగి తుంగ మొత్తం పీకేసింది. పీకినదాన్ని ఉండచుట్టి, అలవాటు చొప్పున అక్కడికక్కడే మడమతో లోపలికి తొక్కేసింది. సాయంత్రానికి నేలమీద గరిక తప్ప ఇంకేం లేదు.

"ఇంత తొందరగానా!" అని ఓవర్సీరు గారు సంబరపడిపోయారు. నడుం పట్టేసినా మరిడమ్మ గర్వంగానే ఇంటికెళ్ళింది.

ఎండలు ముదిరి కాలువలకి నీళ్ళు కట్టేశారు, నేల ఆరింది. ఆరిన నేల మీద తుంగ మొలిచింది. ఇదివరకు ఒకటున్న చోట ఇప్పుడు గుంపులు గుంపులుగా, ఆవిడ మడమ దిగిన ప్రతి గుంటలోనూ మొలిచింది. ఓవర్సీరు గారి భార్య వరహాలక్ష్మమ్మ గారు అరుగు మీద నిలబడి చూసి, "ఏంటే ఇది? తీశావా, నాటావా?" అన్నారు.

మరిడమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ గుంటల మధ్య చతికిలబడి చాలాసేపు ఆలోచించింది. చేలో తుంగని అణిచింది తన కాలు కాదు, పైన నిలిచిన నీళ్ళు. ఇన్నాళ్ళూ నీళ్ళు చేసిన పనికి పేరు తను తీసుకుంది. ఆ సంగతి ఈ వయసులో తెలిసినందుకు ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచి, "అమ్మగారూ, ఒక బొరిగె ఇప్పించండి" అంది.

వేసవంతా బొరిగె చప్పుడే. గడ్డని పట్టుకుని తవ్వితే దాని నుంచి దారం లాంటి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ. ఎక్కడా తెంపకుండా ఓపిగ్గా వెంట వెళ్ళి, గడ్డలన్నీ చేటలో పోసి ఎండలో మాడ్చేది. గుంటలు పూడ్చి గరిక అతికేది. కాళ్ళ పుండ్లు మానాయి. చాలా ఏళ్ళకి ఆవిడ మెలకువ రాకుండా తెల్లవార్లూ నిద్రపోయింది.

పచ్చిక శుభ్రపడే కొద్దీ ఓవర్సీరు గారి రెండో మాట గుర్తుకు రాసాగింది. ఇంటి దగ్గర కోడలు లోవమ్మ మామూలుగానే చెప్పింది.

"అంతా తీసెయ్యకత్తా. గోడవార కాస్త ఉంచితే ఏడాది పొడుగునా పనుంటది. ఎవరు చూడొచ్చారు?"

మంచి మాటే. మరిడమ్మకి నచ్చింది కూడా. కాలువలకి మళ్ళీ నీళ్ళు వదిలే రోజులు దగ్గర పడ్డాక గోడవార ఒక్క తుంగ దుబ్బు మిగిలింది. దాని మీద మట్టి కప్పి, పైన గరిక పరిచి, బొరిగె కడుక్కుని వీధి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. వెనక్కి వచ్చి, కప్పిందంతా తీసి, దుబ్బుని గడ్డలతో సహా పెకలించి అరుగు మీదకి పట్టుకెళ్ళింది.

"ఇదేనండి ఆఖరుది. ఉంచేద్దామనుకున్నానండి. ఈ కాళ్ళు మళ్ళీ బురదలో పెట్టలేనండి, అమ్మగారూ."

వరహాలక్ష్మమ్మ గారు మొదటిసారి ఆవిడ కాళ్ళకేసి చూశారు. మెల్లగా, "ఉంచితే నేనేం అనేదాన్ని కాదే" అన్నారు.

"మీరు అనరండి. నా చెయ్యే ఊరుకోలేదండి" అంది మరిడమ్మ.

ఆ సాయంత్రం ఓవర్సీరు గారు పచ్చికంతా కలయదిరిగి చూసుకున్నారు. ఆయన సంతోషంలో దాపరికం లేదు. కొత్త చీర పెట్టించి, "ఇక నీకు శ్రమ లేదులే. మళ్ళీ మొలిస్తే కబురు చేస్తాం" అన్నారు. అమ్మగారు ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయారు.

వానలు పడ్డాయి, ఊడ్పులయ్యాయి, రైతులు మళ్ళీ గుమ్మం ముందుకొచ్చారు. మరిడమ్మ మొదటి మునుం పట్టింది. పది రోజులు తిరక్కుండానే పాత పుండ్లు నోళ్ళు తెరిచాయి.

ఒక సాయంత్రం పని నుంచి వస్తూ ఆవిడ ఓవర్సీరు గారి గోడ దగ్గర ఆగి, మునివేళ్ళ మీద లేచి లోపలికి చూసింది. వానకి గరిక ఏపుగా, ఎత్తుపల్లం లేకుండా అల్లుకుంది. ఎక్కడైనా ఒక్క తుంగాకు కనపడుతుందేమోనని ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆశగా వెతికింది. కనపడితే తన చెయ్యి తప్పినట్టేనని, ఆ తలవంపు భరించలేనని కూడా ఆవిడకి తెలుసు. అయినా రెండోసారి కూడా వెతికింది.

ఒక్కటీ లేదు.