నురుగు ఊదే మాణిక్యమ్మ

ఇబ్రహీంపట్నం పాలకేంద్రానికి పొద్దున్నే పాలు తెచ్చే మాణిక్యమ్మకు నురుగంటే నమ్మకం లేదు. కొలపాత్ర నిండగానే ఎడమచేత్తో కొంగు బిగబట్టి, వంగి, పసిపిల్ల కంట్లో నలుసు ఊదినంత మెల్లగా నురుగును పక్కకు ఊదుతుంది. పాలు గీతదాకా వచ్చాయని కళ్లారా చూసుకున్నాకే నడుం ఎత్తుతుంది. పాల సంఘం ఎన్నికల్లోనూ ఆమెది అదే తీరు. ముద్ర గుద్దిన కాగితాన్ని సిరా ఆరేదాకా ఊది, పక్క గుర్తుకు అంటకుండా నిలువుగా మడిచి పెట్టెలో వేసేది. సాయంత్రం ఆ పెట్టెను చాపమీద గుమ్మరిస్తే గెలిచేవాళ్లూ ఓడేవాళ్లూ దాని చుట్టూనే గొంతుక్కూర్చునేవారు. ప్రతిసారీ ఓడే జంగన్న కూడా విప్పిన చీటీలన్నీ చూసుకుని, మారుమాట లేకుండా అందరితోపాటు చాయ్ తాగి ఇంటికి పోయేవాడు. ఆ సిరా వాసన ఆమె ముక్కుకు ఇంకా గుర్తే.

ఈసారి సంఘంవాళ్లు చీటీలు మాన్పించి మిషన్ పెట్టారు. మాణిక్యమ్మ మీట నొక్కింది. అది కుయ్‌మంది. అలవాటు కొద్దీ వంగి, మీటను మెల్లగా ఊదింది.

బల్ల దగ్గర కూర్చున్న సంఘం గుమస్తా భవిత నవ్వింది. “దానికి సిరా ఉండదు పెద్దమ్మా. నీ ఓటు పడ్డది, ఇగ పో.”

“ఎవరికి పడ్డదో నువ్వు చూసినవా?”

“నేను చూడొద్దు గదా.”

“నాకూ కనబడలే.” మాణిక్యమ్మ కొంగు సర్దుకుని మిషన్‌ను అటూ ఇటూ చూసింది. “పాలైతే నురుగు ఊది చూసుకుంట. దీన్ని ఏడ ఊదాలె బిడ్డా?”