తీసేసిన గుండుసూదులు

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో మా ఆఫీసు. అక్కడి కంప్యూటర్‌లో ఒక ఇల్లు కట్టాం. ఏజెంట్ అని పిలిచే ప్రోగ్రామ్ ఆ ఇంట్లో తిరుగుతుంది. అక్కడక్కడా ఉన్న చీటీలను వెతికి, పోగుచేసి, వాటిలో రాసిన పనులు చేయాలి. ఆ చీటీలు రాయడం, ఎక్కడ పెట్టాలో చెప్పడం నా పని.

ఆ రోజు అది మొదటిసారి పన్నెండు చీటీలూ దొరకబుచ్చుకుంది. తర్వాత హాలు మధ్యలో నిలబడిపోయింది. నేను స్టవ్ మీద పెట్టిన చీటీలో 'దీన్ని ఆపాలి' అని ఉంది. పూలకుండీ దగ్గరి చీటీలో 'దీనికి నీళ్లు పోయాలి' అని ఉంది. చీటీలన్నీ చేతికి వచ్చాయి గానీ, దేన్ని ఆపాలో, దేనికి పోయాలో దానికి తెలియలేదు.

ప్రోగ్రామ్ రాసే సహోద్యోగి నవ్వాడు. "మనోడు మస్తు హుషారు మేడమ్. చీటీకో మార్కు అన్నం కదా, అన్నీ పీక్కొచ్చిండు. ఏడికెల్లి తెచ్చిండో మాత్రం యాది లేదు."

"నేను సరిగ్గా రాయలేదేమో."

"మీరు సరిగనే రాసిన్రు. తీసే ముందు జర చుట్టూ చూడమని నేను నేర్పలే."

నాకు వింతగా అనిపించింది. ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపించమని అడిగి, మూడుసార్లు చూశాను.

సాయంత్రం పంజాగుట్టలో ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు ఒకావిడ కూర్చుని ఉంది. మా అక్క ముందుగదిలో జాకెట్లు కుట్టేది. అక్క పోయి రెండు నెలలు. ఈ ఆంటీ ఏళ్ల తరబడి ఆమె దగ్గరే కుట్టించుకుంది.

"నా ఆది జాకెట్టు, గా పట్టుముక్క ఇయ్యి బిడ్డా. ఆదివారం కొడుకు పెండ్లి. వేరే టైలర్‌కు ఇస్త. మీ అక్క సూదులు పెట్టే ఉంచింది, అవి చూసి కుడతడు. ఆ ముక్క మా అమ్మ నేసిన చీరెది. ఒకసారి తప్పు కోస్తే ఇంకోటి లేదు."

ఆది అంటే కొలతకిచ్చే పాత జాకెట్టు. అక్క కొలతలు రాసుకునేది కాదు. పాత జాకెట్టును మనిషికి తొడిగి, ఎక్కడ తగ్గించాలో అక్కడ గుండుసూదులు పెట్టేది. అక్కను సమాధి చేసిన వారానికి నేను ఆ గది సర్దాను. ఎవరికైనా గుచ్చుకుంటాయని అన్ని జాకెట్ల సూదులూ తీసేశాను.

ఆ మాట ఆంటీకి చెప్పాను.

"అంత సదువుకున్నవు. గదేం పని బిడ్డా?"

ట్యూబ్‌లైట్ కింద ఇద్దరం జాకెట్టు పట్టుకుని చూశాం. దాని గుడ్డలో సూది రంధ్రాలు సన్నగా మిగిలాయి. ఆ ఆనవాళ్లను బట్టి చంకల కింద రెండు వైపులా అంగుళం తగ్గించాలని అర్థమైంది. నాకు ప్రాణం లేచివచ్చింది. రంధ్రాల వెంట మళ్లీ సూదులు గుచ్చి, తొడుక్కుని చూడమన్నాను.

ఆమె లోపలికి వెళ్లి, అరనిమిషంలో తలుపు సందులోంచి పిలిచింది. "ఎక్కుతలేదు."

"తప్పు పెట్టానా?"

"కాదు. కామెర్లు తగ్గినంక వచ్చి కొలతిచ్చిన. గప్పుడు పుల్ల లెక్క ఉంటి. గిప్పుడు చూడు, మస్తు తింటున్న."

"మరి అక్క అప్పుడే ఎందుకు కోయలేదు?"

"నెల రోజులు మంచిగ తిని రాపో, గప్పుడు కోస్త అన్నది. నేను రాలే. గంతల్నే..."

ఇంతకాలం అక్క పని మధ్యలో మిగిలిపోయిందని అనుకున్నాను. అక్క కావాలనే ఆగింది, అంతే. అది ఏ సూదిలోనూ లేదు. ఈవిడకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ముందే అడిగి ఉండాల్సింది.

ముక్కనూ ఆది జాకెట్టునూ సంచిలో పెట్టుకుని ఆంటీతో పాటు వీధి చివరి టైలర్ దగ్గరికి వెళ్లాను. అతను ఆది కోసం చెయ్యి చాపాడు.

"దాన్ని చూసి కోయకండి," అన్నాను. "ఆవిణ్ణి కొలవండి."