మాస్టారికి మూడు చందమామలు

మా సైన్సు మాస్టారి కోసం తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు ఒకరోజు మూసేశాను. ఆకాశంలో ఆండ్రోమెడా అనే నక్షత్రాల మంద ఉందనీ, ఫొటో తీస్తే దాని వెడల్పు చందమామకు నాలుగైదింతలుంటుందనీ ఆయన క్లాసులో ఏటా చెప్పేవారు. చెప్పడమేగాని తానెన్నడూ చూడలేదు. ఇప్పుడు ఆయన చూపు నడిమధ్య మసకబారింది, ఎదుటివాళ్ల ముఖం కూడా ఆనదు. "పూర్తిగా పోకముందే ఒక్కసారి చూపించరా" అని కార్డు రాయించారు. అది చదివాక కొట్లో కూర్చోబుద్ధి కాలేదు.

కార్తీక అమావాస్య ఉదయం పాసింజరెక్కాను. మూడో తరగతి టిక్కెట్టు ఏడణాలు. ఏలూరులో మాస్టారిని జట్కా ఎక్కించుకుని దక్షిణంగా సాగితే మధ్యాహ్నం మూడింటికి కొల్లేటి ఒడ్డు చేరాం. పడవవాడు వెంకన్న తన తాటిదోనెలో మమ్మల్ని ఒక లంక మీదికి చేర్చాడు.

"చుక్కల కోసం ఇంత దూరమొచ్చారా అండీ? మీ ఊళ్లో లేవేంటండీ?" అని ఒకటే నవ్వు.

ఏడున్నరకు చీకటి చిక్కబడింది. అబ్బబ్బ, ఎన్ని చుక్కలో! ఉత్తరాభాద్రకు ఈశాన్యంగా వెతికాను. బండిచక్రమంత ఉంటుందనుకున్నానేమో, కళ్లు చిట్లించి చూసినా ఏమీ లేదు. ఆయన నోరు తెరిచి అడిగిన ఒక్క కోరికా తీర్చలేకపోతున్నానని ఏడుపొచ్చినంత పనైంది.

"కనపడట్లేదండీ మాస్టారూ."

"నాకు కనపడుతోందిరా! అదుగో, కోలగా, పొగలాగ!" అని ఆయన సరిగ్గా అటే చెయ్యి చాచారు.

వెంకన్న నా భుజం తట్టాడు. "తిన్నగా చూడకండి బాబూ. చీకట్లో దూరపు దీపం పోల్చుకోవాలంటే మేం దాని పక్కకే చూస్తామండీ."

పక్కకు చూశాను. వచ్చింది! ఒళ్లు ఝల్లుమంది. మాస్టారికి మిగిలింది అంచుల చూపే కదా, పొద్దస్తమానం ఆయన చూసేదే అలాగ.

ఆయన చెయ్యి బారుగా చాచి చిటికెనవేలు అడ్డం పెట్టారు. "ఈ వేలు చాటున రెండు చందమామలు పడతాయిరా. ఇది వేలికి అటూ ఇటూ మిగిలింది. మూడుంటుంది!" అంటూ చిన్నపిల్లాడిలా నవ్వేశారు, కళ్లు తుడుచుకున్నారు.

కళ్లున్నవాణ్ణి కదా, ఆయనకు చూపించి తీసుకొద్దామని బయలుదేరాను. తీరా చూస్తే ఆయనే నాకు చూపించారు. మీరూ వెళ్తే అమావాస్యకే వెళ్లండి, లాంతరు ఆర్పి అరగంట ఆగండి, దాని పక్కనున్న ఖాళీలోకి చూడండి. ఆ తర్వాత నేను మరో రెండుసార్లు వెళ్లి చూశాను. ఎంత చూసినా నాకది ఒక్క చందమామ వెడల్పే కనపడింది.