మామయ్య చొక్కా చెయ్యి

పోయిన వారం పంటినొప్పితో నరసరావుపేటలో డాక్టరు కోసం కూర్చుని ఉంటే, గోడ మీది టీవీలో ఏదో దేశంలో జరిగే స్నూకర్ పోటీలు, కర్రతో రంగు బంతుల్ని బల్ల అంచు రంధ్రాల్లోకి కొట్టే ఆట, వస్తున్నాయి. తెల్ల గ్లౌజులు తొడుక్కున్న రిఫరీ గులాబీ రంగు బంతిని తుడిచి బల్ల మీద దానికని ఉన్న చుక్క మీద నెమ్మదిగా పెడుతున్నాడు. ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయి, నర్సమ్మ నా పేరు రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు.

నేనూ ఒకప్పుడు అలాంటి గ్లౌజులు తొడుక్కున్నవాడినే. ముప్పాళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేరిన కొత్తలో నా ఆదివారాలన్నీ పేట క్లబ్బులో మా మేనమామ పక్కనే గడిచేవి. ఆయన ప్లీడరు, కోర్టులో ఎంత గట్టిగా అరిచి వాదించేవాడో, ఆ ఆకుపచ్చ బల్ల దగ్గర అంత నెమ్మదిగా ఉండేవాడు. నాకు ఆట నేర్పింది, రూల్సన్నీ కంఠతా పట్టించింది ఆయనే. ఒక వేసవిలో క్లబ్బువాళ్ళు ఆటే బతుకుగా ఉన్న ఏడుగురిని బయటి ఊళ్ళనుంచి పిలిపించి పోటీలు పెట్టి, ఎనిమిదో చోటు మామయ్యకిచ్చారు. రావలసిన రిఫరీ జ్వరంతో రాకపోతే, మావాడున్నాడుగా అని నన్ను నిలబెట్టిందీ ఆయనే. అవతలి ఆటగాడు నవ్వి సరేనన్నాడు. స్కూలు పరేడు కోసం కొన్న గ్లౌజులు జేబులో పెట్టుకుని వెళ్ళాను.

ఆట గెలుపు తేల్చే ఆఖరి ఫ్రేముదాకా వచ్చింది. బల్ల మీద గులాబీ, నల్ల బంతులు మాత్రమే మిగిలాయి. మామయ్య ఐదు పాయింట్లు ముందున్నాడు, గులాబీ రంధ్రంలో పడితే గెలిచినట్టే. నల్ల బంతి మీదుగా వంగి కొట్టాడు. గులాబీ బంతి పడింది, హాలంతా చప్పట్లు. కానీ కొట్టేటప్పుడు ఆయన చొక్కా చెయ్యి నల్ల బంతికి తగలడం, అది వెంట్రుకవాసి కదలడం నేను చూశాను. బట్ట తగిలినా తప్పే, పడిన బంతి లెక్కలోకి రాదు. ఫౌల్ అన్నాను.

మామయ్య నిటారుగా నిలబడి, సాక్షిని అడిగినట్టే అడిగాడు, "నీ కళ్ళారా చూశావంట్రా?"

"చూశాను మామయ్యా."

కర్ర గోడకి ఆనించి వెళ్ళి కూర్చున్నాడు. నల్ల బంతి విలువ ఏడు పాయింట్లూ అవతలివాడికి పోయాయి; నేను తుడిచి మళ్ళీ చుక్క మీద పెట్టిన గులాబీ బంతిని అతను ఒక్క దెబ్బకి పడగొట్టి గెలిచాడు.

ఇంట్లో అమ్మ కంచం ముందు పెడుతూ, "ఏందిరా, నీ ఒక్కడికే కనపడిందా? సొంత మేనమామ అనైనా చూడలేదే!" అంది. మామయ్య మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నేను ఎదురొస్తే వీధి మారేవాడు.

ఒక ఆదివారం పొద్దున్నే తనే వచ్చి, అమ్మ చేత కాఫీ పెట్టించుకుని, సగం తాగాక నా వైపు చూడకుండానే అన్నాడు: "తగిలిందని నాకూ తెలుసురా. నువ్వు చెప్పేలోపు నేనే చెప్పుండాల్సింది. చానా రోజులు నా మీద నాకున్న కోపం నీ మీద చూపించాను."

మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆయనా పోయాడు, అమ్మా పోయింది, క్లబ్బు హాల్లో ఇప్పుడు పెళ్ళి భోజనాలు పెడుతున్నారు. ముసలి వయసు వచ్చాక అందరూ మనతో మర్యాదగానే ఉంటారు. మన మాట నచ్చకపోతే చిన్నగా నవ్వి ఊరుకుంటారు. మూడు నెలలు వీధి మారి నడవాలంటే ఎంత దగ్గరివాళ్ళై ఉండాలో ఇప్పుడు తెలుస్తోంది. నా మీద అంతగా అలిగేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు.